4 జీబీ బోర్డు ముందట కూసున్న మా బిడ్డకు

బిడ్డా,

రాత్రి నువ్వు పంపిన లాగ్‌లు, రెండు బోర్డులవి పక్కపక్కన పెట్టుకొని మొత్తం చదివిన. 2 జీబీ బోర్డు మంచిగ లేస్తున్నది, అదే బూట్‌లోడర్ కోడ్ (కరెంటు రాంగనే ముందు నడిచి కెర్నెల్‌ను లేపేది) 4 జీబీ బోర్డుల వేస్తె ఒకసారి ఇమేజ్ చెక్‌సమ్ తప్పు అంటది, ఒకసారి అబార్ట్ వస్తది, ఇంకోసారి స్టార్టింగ్ కెర్నెల్ అని ఒక్క లైన్ కొట్టి ఇగ సప్పుడు ఉండది. మీ ఆఫీసుల మెమొరీ చిప్పే ఖరాబ్ ఉన్నట్టున్నది, మార్చి చూద్దాం అంటున్నరని రాసినవు. చిప్ మార్చుకుంట పోతె ఖర్చు అయితది గని పని కాదు. నీ లాగ్‌ల తప్పు వచ్చిన ప్రతిసారి కెర్నెల్ ఇమేజ్‌దో, ఇనిట్‌ఆర్‌డీదో (కెర్నెల్‌కు మొదట్ల ఇచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) అడ్రస్ 4 జీబీ గీత (32 బిట్ల అడ్రస్‌లు అయిపోయే చోటు) దగ్గర్లనో, గీత అవతలనో ఉన్నది, గీతకు బాగ కింద ఉన్నప్పుడు ఒక్కసారి కూడ తప్పు రాలె. ఇది 32 బిట్ల కాలంల రాసిన కోడ్ 64 బిట్ల బోర్డు మీద నడుస్తుంటె వచ్చే పంచాయితీ, ఎక్కడనో ఒక అడ్రస్ సగానికి తెగుతున్నది. దాన్ని ఎట్ల పట్టాలె, పాత బోర్డులకు ఏం కాకుంట ఎట్ల సరిచెయ్యాలె అనేది నాకు తెలిసినంత రాస్తున్న, ఒక్కసారి కాకుంటె రెండుసార్లు చదువు.

నాకు ఇది ఇంత ఎందుకు పట్టింది అంటె, మీ బోర్డు పోయేది మన మిర్యాలగూడ మిల్లులల్ల కలర్ సార్టర్ల లోపలికి. కోతలు మొదలయినంక వడ్ల లారీలు మిల్లు గేటు కాడికెల్లి రోడ్డు దాక నిలబడతయి, ఆ టైంల కరెంటు పోయి వచ్చినంక మిషిన్ లేవకపోతె బియ్యంల నల్ల గింజ, పచ్చ గింజ ఏరేది ఆగిపోతది, హమాలీలు కూసోవాలె, డ్రైవర్లు కూసోవాలె. బూట్‌లోడర్ అంటె ఎవ్వరికి కనపడని కోడ్, కని అది లేవకపోతె దాని మీద ఉన్న ఏదీ లేవది.

ముందుగాల ఒక్క మాట గట్టిగ చెప్త. క్రాష్ అయిన లైన్ కాడ ప్యాచ్ వెయ్యకు. క్రాష్ అయిన లైన్ అడ్రస్‌ను వాడుకున్న లైన్ మాత్రమే, తెగింది ఇంకా ముందట ఎక్కడనో. ఆ అడ్రస్ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిల పడ్డది, ఏ వేరియబుల్‌ల కూసున్నది, ఏ ఫంక్షన్‌కు పోయింది, ఏ స్ట్రక్చర్‌ల ఎక్కి తర్వాతి స్టేజ్‌కు (మీ బూట్‌లోడర్ రెండు స్టేజ్‌లుగ, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తది) దాటింది, ఆఖరికి ఏ రిజిస్టర్‌ల పడ్డది, ఇది మొత్తం ఒక కాయితం మీద రాసుకో. ప్రతి చేతిల అది ఎన్ని బిట్ల వెడల్పుతోని ఉన్నదో పక్కన రాయి. 64, 64, 32, 64 అని వచ్చిందనుకో, ఆ 32 కాడ తెగింది. తర్వాత మళ్ల 64 ల వేసినా పోయిన సగం తిరిగి రాదు. చాలా మంది చివరి వేరియబుల్ వెడల్పు పెంచి సరిచేసినం అనుకుంటరు, నడుమల ఒక్క చోట సన్నగ ఉంటె అంతా అక్కడికే.

నీ బోర్డు మెమొరీ మ్యాప్ చూడు. రామ్ హెక్స్‌ల (పదహారు అంకెల లెక్క, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాక) 4000 0000 కాడ మొదలయితది, అంటె 1 జీబీ మీద. 2 జీబీ బోర్డుల అది 3 జీబీ గీత కాడ అయిపోతది, 32 బిట్లల్ల నిమ్మలంగ పడతది. 4 జీబీ బోర్డుల 5 జీబీ దాక పోతది, అంటె ఆఖరి 1 జీబీ 32 బిట్లకు అందదు, దాని అడ్రస్‌లు 1 0000 0000 కాడికెల్లి మొదలయితయి. ఆ ముందటి 1 తెగిందనుకో, మిగిలిన నంబర్ సున్నా నుంచి 3ఎఫ్ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ నడుమ పడతది. మీ చిప్‌ల అక్కడ ఏమున్నది? రామ్ లేదు, పెరిఫెరల్స్ ఉన్నయి. క్లాక్, యూఆర్ట్ (సీరియల్ పోర్ట్), ఈఎంఎంసీ (బోర్డు మీది ఫ్లాష్ స్టోరేజ్) కంట్రోలర్, అన్ని రిజిస్టర్లు అక్కడనే. మన దగ్గర పాస్‌బుక్‌ల సర్వే నంబర్ పక్కన బై నంబర్ రాయకపోతె కొలిచెటోడు వచ్చి వేరేటోని చెల్కల రాళ్లు పాతినట్టు, నీ కోడ్ కెర్నెల్ ఇమేజ్‌ను తీస్కపోయి క్లాక్ రిజిస్టర్ల మీద రాస్తున్నది. అందుకే ఒక్కోసారి ఒక్కో తీరుగ చస్తున్నది, రాసిన డేటా ఏ రిజిస్టర్ మీద పడ్డదో దాన్ని బట్టి.

ఇగ అబార్ట్ వచ్చినప్పుడు యూ-బూట్ (మీరు వాడే బూట్‌లోడర్) కొన్ని రిజిస్టర్లు ప్రింట్ చేస్తది కద, అందుల ఎఫ్ఏఆర్ అని ఒకటి ఉంటది, ఫాల్ట్ అయిన అడ్రస్ అది. నువ్వు దాన్ని చూడకుంట ఈఎల్ఆర్ (ఆ టైంల నడుస్తున్న కోడ్ అడ్రస్) పట్టుకొని ఫంక్షన్ పేరు వెతుకుతున్నవు. ఎఫ్ఏఆర్ ముందు చూడు, సగం సంగతి అదే చెప్తది. అడ్రస్ చిన్నగ ఉండి, ముందట 1 పెడితె సరిగ్గ రామ్‌ల పడేటట్టు ఉంటె పై సగం తెగింది. అడ్రస్ ముందట ఎనిమిది ఎఫ్‌లు ఉంటె, అది ఇంట్ లాంటి సైన్డ్ వేరియబుల్‌ల కూసొని వచ్చింది, 8000 0000 దాటిన నంబర్‌ను సైన్డ్ 32 బిట్లల్ల పెట్టి 64 కు పెంచితె పైన మొత్తం ఎఫ్‌లు నిండుతయి. ఈ సైన్ తప్పు 2 జీబీ బోర్డుల కూడ రావొచ్చు, ఎందుకంటె మీ రామ్‌ల సగం 8000 0000 పైననే ఉన్నది. ఇగ మూడోది, అడ్రస్ పూర్తిగ కరెక్ట్ ఉండి కూడ అబార్ట్ వస్తె, అడ్రస్ తెగలే, ఎంఎంయూ టేబుల్‌ల (సీపీయూ ఏ మెమొరీ జాగను ముట్టొచ్చో చెప్పేది) ఆ జాగ మ్యాప్ కాలే. మీ బోర్డు ఫైల్‌ల మెమొరీ మ్యాప్ టేబుల్ పాత 2 జీబీకే రాసి ఉన్నదా చూడు, ఉండే ఛాన్స్ ఎక్కువ. ఈ మూడు వేరు వేరు తప్పులు, ఒక్కటే ప్యాచ్‌తోని పోవు.

ప్రింట్ల మీద నమ్మకం పెట్టుకునే ముందు ప్రింట్‌నే చెక్ చెయ్యి. 32 బిట్ల స్టేజ్‌ల 64 బిట్ల నంబర్‌ను %ఎక్స్ (32 బిట్ల హెక్స్ ప్రింట్) తోని ప్రింట్ చేస్తె కింది సగమే కనపడతది, అంతటితోని ఆగదు, దాని వెనక ఉన్న ఆర్గ్యుమెంట్లు కూడ జరిగిపోతయి, అంటె ఆ లైన్‌ల తర్వాతి నంబర్లు కూడ అబద్ధమే. నీ లాగ్‌ల బేస్ 4000 0000 సైజ్ సున్నా అని ఒక కాడ ఉన్నది, ఆ సున్నా నిజంగనే సున్నానా లేకపోతె ప్రింట్ చేసిన తప్పా అనేది ఇప్పుడు నీకు తెల్వదు. అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్‌కు మార్చి %ఎల్‌ఎల్‌ఎక్స్ తోని ప్రింట్ చెయ్యి. మొదటి స్టేజ్‌ల జాగ తక్కువ ఉంటదని చిన్న ప్రింట్‌ఎఫ్ పెడతరు, అందుల అది పనిచెయ్యకపోతె పై 32, కింది 32 రెండు ముక్కలు చేసి ప్రింట్ చెయ్యి. ఈ పని ముందుగాల చెయ్యి, ఇది కాకుంట మిగిలింది ఏం చేసినా చీకట్ల వెతికినట్టే.

ఇప్పుడు కోడ్‌ల ఎక్కడెక్కడ తెగుతది అనే ముచ్చట. పాయింటర్‌ను (అడ్రస్ పట్టుకునే వేరియబుల్) యు32 కు (32 బిట్ల టైప్) క్యాస్ట్ చేసిన, అంటె మార్చిన చోట్లు కంపైలర్ వార్నింగ్‌తోనే చెప్తది, మీ మేక్‌ఫైల్‌ల ఆ వార్నింగ్‌లు ఆపేసి ఉన్నయి, నేను చూసిన, వాటిని తియ్యి. ప్రోటోటైప్ లేని ఫంక్షన్ ఇంకా మోసం, కంపైలర్ అది ఇంట్ ఇస్తది అనుకుంటది, పాయింటర్ ఇచ్చే ఫంక్షన్ అయితె సగం పోతది. 2024 ల వచ్చిన జీసీసీ కంపైలర్ 14వ వర్షన్ దీన్ని ఎర్రరే చేసింది, మీది పాత టూల్‌చైన్ కాబట్టి నువ్వే ఎర్రర్ ఆప్షన్ పెట్టుకో. ఇవి దొరికేవి. దొరకనివి వేరే ఉన్నయి, కంపైలర్ మామూలుగ నోరు మెదపదు వాటి మీద.

ఒకటి, అలైన్‌మెంట్ మాస్క్. అడ్రస్‌ను 4096 కు సరిచెయ్యనీకె అలైన్ మైనస్ 1 తీసి తిప్పి అండ్ చేస్తం కద, ఆ అలైన్ వేరియబుల్ యు32 అయితె తిప్పినంక వచ్చేది ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ ఎఫ్000, దాన్ని 64 కు పెంచితె పైన సున్నాలు నిండుతయి, అండ్ చేస్తె నీ అడ్రస్ పై సగం తుడుచుకొని పోతది. అదే అలైన్ సైన్డ్ ఇంట్ అయితె పైన ఎఫ్‌లు నిండి అంతా సరిగ్గ వస్తది. అంటె ఎవరన్న మంచి ఉద్దేశంతోని ఇంట్‌ను యు32 కు మార్చి సాఫ్ చేసిండనుకో, అప్పటిదాక నడిచిన కోడ్ ఆగుతది. నీ దాంట్ల ఇనిట్‌ఆర్‌డీ జాగ వెతికే ఫంక్షన్‌ల సరిగ్గ గిదే ఉన్నట్టు అనిపిస్తున్నది, అక్కడ మాస్క్‌ను కూడ అడ్రస్ టైప్‌లనే తయారు చెయ్యి.

రెండోది గుణకారం. బ్లాక్ నంబర్ ఇంటు 512, దాన్ని యు64 ఆఫ్‌సెట్‌ల పెడుతున్నరు, బయటికి చూస్తె ఏం తప్పు లేనట్టే ఉంటది, కని బ్లాక్ నంబర్ యు32 కాబట్టి గుణకారం 32 బిట్లల్లనే అయిపోయి, పొంగింది పొంగినంక అప్పుడు 64 ల కూసుంటది. ఈఎంఎంసీల 4 జీబీ అవతల ఉన్న పార్టిషన్ చదివితె మొదట్ల ఉన్న డేటా వస్తది. గుణించే ముందే క్యాస్ట్ చెయ్యాలె. షిఫ్ట్ కూడ అంతే, 1 ని 31 సార్లు జరిపితె ఏమయితదో పైన సైన్ ముచ్చట్ల చెప్పిన కద.

మూడోది, పై సగం తియ్యనీకె 32 సార్లు కుడికి జరిపే కోడ్. వేరియబుల్ 64 బిట్లు అయితె మంచిదే. అదే కోడ్ 32 బిట్ల బిల్డ్‌ల అన్‌సైన్డ్ లాంగ్ మీద నడిస్తె సీ రూల్ ప్రకారం దానికి అర్థమే లేదు, ఎక్స్86 ల (ఇంటెల్ పీసీ ప్రాసెసర్లు) షిఫ్ట్ లెక్క 32 కాడ చుట్టు తిరిగి సున్నా అయితది కాబట్టి అదే నంబర్ అట్లనే తిరిగి వస్తది, ఆర్మ్‌ల రిజిస్టర్ షిఫ్ట్ అయితె సున్నా వస్తది. లైనక్స్‌ల, యూ-బూట్‌ల పై 32 బిట్లు తీసే మ్యాక్రో చూడు, 16 సార్లు జరిపి మళ్ల 16 సార్లు జరుపుతది. కొత్తోళ్లు చూసి ఇది రెండుసార్లు ఎందుకు, ఒక్కటే చేద్దాం అనుకుంటరు, అది ఎందుకు అట్ల ఉన్నదో ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి ముట్టకు, ఆ మ్యాక్రోనే వాడు.

ఇగ నాకు అన్నిటికంటె ఎక్కువ భయం ఎండ్ అడ్రస్‌ది. బేస్ ప్లస్ సైజ్. 3 జీబీ రామ్ పెట్టిన బోర్డు ఉన్నదనుకో, 4000 0000 కు 3 జీబీ కలిపితె సరిగ్గ 1 0000 0000, 32 బిట్లల్ల అది సున్నా. అడ్రస్ ఎండ్ కంటె తక్కువనా అని అడిగితె ఏ అడ్రస్ కూడ సున్నా కంటె తక్కువ కాదు కాబట్టి మెమొరీ మొత్తం బయట ఉన్నట్టే లెక్క. యూ-బూట్‌ల రామ్ టాప్ తీసే కాడ ఈ కారణం కోసమే ఒక చెక్ ఉన్నది, టాప్ బేస్ కంటె చిన్నగ వస్తె చుట్టు తిరిగింది అని పట్టుకునేటట్టు. నువ్వు పోల్చేటప్పుడు ఎండ్ తోని పోల్చకు, అడ్రస్‌లకెల్లి బేస్ తీసేసి అది సైజ్ కంటె తక్కువనా చూడు, అడ్రస్ బేస్ కంటె కింద లేదని ముందే చూసుకొని. లేకపోతె ఆఖరి బైట్ అడ్రస్ పట్టుకో, బేస్ ప్లస్ సైజ్ మైనస్ 1.

నీ చెక్‌సమ్ తప్పు కూడ ఇక్కడికెల్లే వస్తున్నది అని నా లెక్క. క్యాష్ (సీపీయూ పక్కన ఉండే చిన్న మెమొరీ) ఇన్‌వాలిడేట్ చేసే, అంటె అందులున్న పాత డేటా పారేసే ఫంక్షన్‌కు స్టార్ట్, ఎండ్ ఇస్తవు. ఫంక్షన్ లోపల 64 బిట్లే, తప్పు లేదు, కని నీ ఈఎంఎంసీ డ్రైవర్ ఎండ్‌ను యు32 ల లెక్క కట్టి ఇస్తున్నది. బఫర్ 4 జీబీ గీతను దాటిందనుకో, ఎండ్ స్టార్ట్ కంటె చిన్నగ అయితది, లోపల లూప్ మహా అయితె ఒక్కసారి తిరిగి బయటికి వస్తది, ఎర్రర్ లేదు ఏం లేదు. డీఎంఏ (సీపీయూ లేకుంట కంట్రోలరే నేరుగ రామ్‌ల రాసుడు) కొత్త డేటా తెచ్చి రామ్‌ల పెట్టింది, సీపీయూ క్యాష్‌ల పాతది చదువుతున్నది. అన్ని సార్లు కాదు, పాత లైన్లు క్యాష్‌ల మిగిలినప్పుడే. అందుకే మీవాళ్లు చిప్ ఖరాబ్ అనుకున్నరు.

డీఎంఏ అన్నప్పుడు ఇంకోటి. ఎస్‌డీ హోస్ట్ కంట్రోలర్ల 32 బిట్ల ఏడీఎంఏ2 డిస్క్రిప్టర్‌ల (డేటా ఎక్కడ పెట్టాలెనో కంట్రోలర్‌కు చెప్పే చీటి) అడ్రస్‌కు 32 బిట్ల జాగే ఉంటది. మీ కంట్రోలర్ అదే వాడితె, నువ్వు కోడ్ ఎంత మంచిగ రాసినా హార్డ్‌వేర్ పై 1 జీబీని చూడలేదు. ఇక్కడ మాత్రం బఫర్‌ను 4 జీబీ కిందనే ఉంచాలె, యూ-బూట్‌ల బోర్డ్ గెట్ యూజబుల్ రామ్ టాప్ అనే ఫంక్షన్ ఉన్నది, దాంట్ల 4 జీబీ కాడ ఆపితె యూ-బూట్ తనను తాను కాపీ చేసుకునే జాగ, మాలాక్ జాగ అన్ని కిందనే ఉంటయి. కెర్నెల్‌కు మాత్రం పూర్తి 4 జీబీ చెప్పాలె, రెండు వేరు. నీ ఫ్రెండ్ చెప్పినట్టు ఈ ఒక్క ఫంక్షన్ మార్చి అయిపోయింది అనుకోకు బిడ్డా, దీంతోని బోర్డు లేస్తది నిజమే, కని లోపల తెగే చోట్లన్ని అట్లనే ఉంటయి, రేపు కెర్నెల్ ఇమేజ్ ఎవరన్న పైన లోడ్ చేస్తె మళ్ల మొదటికే. హార్డ్‌వేర్‌కు అందదు కాబట్టి ఆపినం అని కామెంట్‌ల కారణం రాసి పెట్టు, తెగిన అడ్రస్‌లను విడిగ సరిచెయ్యి.

డివైస్ ట్రీ (బోర్డుల ఏ హార్డ్‌వేర్ ఎక్కడున్నదో కెర్నెల్‌కు చెప్పే ఫైల్) కాడ జెర జాగ్రత్త. మెమొరీ నోడ్‌ల రెజ్ ప్రాపర్టీ (బేస్, సైజ్ ఉండేది) ఎన్ని సెల్స్ (32 బిట్ల ముక్కలు) అనేది పేరెంట్ నోడ్‌ల అడ్రస్ సెల్స్, సైజ్ సెల్స్ చెప్తయి. పాత ట్రీల అవి ఒకటి ఒకటి, కొత్త ట్రీల రెండు రెండు. సెల్స్ బిగ్ ఎండియన్‌ల ఉంటయి, పై సగం ముందు వస్తది, కాబట్టి ఒక్క సెల్లే చదివే పాత కోడ్ కొత్త ట్రీల బేస్ సున్నా అని చదువుతది, దాని పక్కన ఉన్న అసలు బేస్‌ను సైజ్ అనుకుంటది, నీ రెండో లాగ్‌ల 1 జీబీ అని కనపడ్డది గదే కావొచ్చు, 4000 0000 అంటె 1 జీబీయే కద. సెల్స్ ఎన్నో చదివి దాన్ని బట్టి పో, రెండు అని కోడ్‌ల గట్టిగ రాసి పెట్టకు, పాత ట్రీలు ఫీల్డ్‌ల ఉన్నయి. చోజెన్ నోడ్‌ల ఇనిట్‌ఆర్‌డీ స్టార్ట్, ఎండ్ మాత్రం లైనక్స్ 32 అయినా 64 అయినా తీసుకుంటది, అక్కడ భయం లేదు.

యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (బోర్డుల దాచిపెట్టే సెట్టింగ్‌లు) కూడ చూడు. పాత బోర్డు నుంచి కాపీ చేసుకున్న ఇనిట్‌ఆర్‌డీ హై ల ఎనిమిది ఎఫ్‌లు ఉన్నయి. 32 బిట్లల్ల దానికి అర్థం ఇనిట్‌ఆర్‌డీని జరపకు, ఉన్న చోటనే ఉంచు అని, ఎందుకంటె అన్ని బిట్లు 1. 64 బిట్లల్ల అన్ని బిట్లు 1 అంటె పదహారు ఎఫ్‌లు, ఎనిమిది ఎఫ్‌లు అంటె 4 జీబీ కింద ఎక్కడన్న పెట్టు అని ఒక హద్దు మాత్రమే. కోడ్‌ల ఒక్క అక్షరం మారకున్నా పని మారిపోయింది. నన్నడిగితె రెండూ వద్దు, బూట్‌ఎం సైజ్ తోని హద్దు పెట్టు, అది రెండు బోర్డులల్ల ఒక్కటే తీరుగ పనిచేస్తది.

ఇగ అసలు కష్టమైన పని, పాత మొదటి స్టేజ్. మీ మొదటి స్టేజ్ 32 బిట్లది, ఇది వింత కాదు, కొన్ని 64 బిట్ల చిప్‌లల్ల బూట్ రోమే 32 బిట్ల మోడ్‌ల మొదలయితది, ఆల్విన్నర్ ఏ64 అట్లాంటిదే. అది మెమొరీ సైజ్ కనుక్కొని ఒక స్ట్రక్చర్‌ల పెట్టి రెండో స్టేజ్‌కు ఇస్తది, అందుల సైజ్ యు32. 4 జీబీ అంటె 1 0000 0000, యు32 ల సున్నా. నీ లాగ్‌ల సున్నా నిజమే అయితె ఇక్కడికెల్లే వచ్చింది. సున్నా వస్తె 4 జీబీ అనుకుందాం అని మీ టీంల ఒకరు అన్నరని రాసినవు, ఒప్పుకోకు. రేపు 6 జీబీ పెడితె అదే లెక్కల 2 జీబీ అని వస్తది, సున్నా కాదు కాబట్టి ఎవ్వరికి అనుమానం రాదు, బోర్డు లేస్తది, 4 జీబీ మాయమయితది.

మిల్లులల్ల ఉన్న మిషిన్లల్ల మొదటి స్టేజ్ మీరు మార్చలేరు, రాసేటప్పుడు కరెంటు పోతె బోర్డు మొత్తానికే పోతది కాబట్టి మార్చొద్దు కూడ. అంటె కొత్త రెండో స్టేజ్ పాత స్ట్రక్చర్‌ను కూడ అర్థం చేసుకోవాలె. పాత ఫీల్డ్‌లు ఒక్కటి కూడ జరపకు, వెడల్పు పెంచకు, సైజ్‌ను యు64 చేద్దాం అని చెయ్యి పెట్టినవంటె దాని కింద ఉన్నయన్ని నాలుగు బైట్లు జరుగుతయి, పాతది రాసింది కొత్తది తప్పు చదువుతది. కింది సగం పాత చోటనే ఉంచి పై సగానికి ఆఖర్ల కొత్త ఫీల్డ్ పెట్టు. లైనక్స్ కూడ ఎక్స్86 బూట్ ప్రోటోకాల్‌ల ఇదే పని చేసింది, ర్యామ్‌డిస్క్ అడ్రస్ పాత 32 బిట్ల ఫీల్డ్ అట్లనే ఉంచి, పై 32 బిట్లకు ఎక్స్‌ట్ ర్యామ్‌డిస్క్ ఇమేజ్ అని వేరే ఫీల్డ్ పెట్టింది, 4 జీబీ పైన లోడ్ చెయ్యొచ్చా లేదా అనేదానికి ఎక్స్‌లోడ్ ఫ్లాగ్స్‌ల ఒక బిట్ పెట్టింది. మీ స్ట్రక్చర్‌ల వర్షన్ ఫీల్డ్ ఉన్నది కద, దేవుని దయ, వర్షన్ 2 అయితేనే కొత్త ఫీల్డ్ చదువు. పాత మొదటి స్టేజ్ ఆ జాగను సున్నా చెయ్యదు, అక్కడ ఏదో చెత్త ఉంటది, వర్షన్ చూడకుంట చదివినవంటె 2 జీబీ బోర్డుకు ఎక్కడ లేని మెమొరీ ఉన్నట్టు కనపడతది.

స్ట్రక్చర్‌ల అన్‌సైన్డ్ లాంగ్, పాయింటర్, ఈనమ్ ఏదీ ఉండొద్దు. అన్‌సైన్డ్ లాంగ్ మొదటి స్టేజ్‌ల నాలుగు బైట్లు, రెండో స్టేజ్‌ల ఎనిమిది. యు32, యు64 లాంటి గట్టి వెడల్పులే వాడు, నడుమ ప్యాడింగ్ నువ్వే చేత్తో రాయి, ప్రతి ఫీల్డ్ ఆఫ్‌సెట్ మీద స్టాటిక్ అసర్ట్ పెట్టు, రెండు స్టేజ్‌ల బిల్డ్‌లల్ల. రేపు ఎవరన్న నడుమల ఒక ఫీల్డ్ ఇరికిస్తె బిల్డే ఆగాలె, మిల్లుల ఆగొద్దు. యూఈఎఫ్ఐ (పీసీల ఫర్మ్‌వేర్ స్టాండర్డ్) స్పెక్‌ల ఈ సంగతి ముందే ఆలోచించిండ్రు, ఫిజికల్ అడ్రస్ టైప్ 32 బిట్ల ఫర్మ్‌వేర్‌ల కూడ 64 బిట్లే ఉంటది. యూ-బూట్‌ల దానికి ఫిజ్ యాడర్ టీ, ఫిజ్ సైజ్ టీ ఉన్నయి, 32 బిట్ల బిల్డ్‌ల అవి 64 కావాలంటె ఫిజ్ 64బిట్ కాన్ఫిగ్ ఆన్ చెయ్యాలె. ఫిజికల్ అడ్రస్ పట్టుకునే ప్రతి వేరియబుల్ ఆ టైప్‌లనే ఉండాలె.

పాత తీరును నమ్ముకున్నోళ్లు ఉంటరు అనేది కూడ యాది పెట్టుకో. 1978 ల వచ్చిన 8086 కు 20 అడ్రస్ లైన్లే, 1 ఎంబీ దాటిన అడ్రస్ చుట్టు తిరిగి సున్నా కాడికి వచ్చేది. కొన్ని ప్రోగ్రాంలు దాన్నే వాడుకున్నయి. 1984 ల ఐబీఎం పీసీ ఏటీ 24 లైన్ల 80286 తోని వచ్చేసరికి తిరగడం ఆగి ఆ ప్రోగ్రాంలు ఖరాబ్ అయ్యేటట్టు ఉంటె, 21వ లైన్‌ను, ఏ20 అంటరు, కీబోర్డ్ కంట్రోలర్ కెల్లి తీసి ఆపేటట్టు గేట్ పెట్టిండ్రు. తర్వాత ఎన్నో ఏండ్లు ప్రతి పీసీ బూట్‌లోడర్ ఆ గేట్ తెరిచేది. మీ కోడ్‌ల కూడ అట్ల ఎవరన్న ఎండ్ సున్నా వస్తె అనే షరతు మీద ఏదన్న కట్టుకున్నరా గ్రెప్ కొట్టి చూడు, తీసే ముందు.

టెస్ట్ చేసుడు ముందుగాల బోర్డు మీద కాదు, క్యూఈఎంయూల (కంప్యూటర్‌లనే బోర్డు లెక్క నడిచే సాఫ్ట్‌వేర్) చెయ్యి. ఆర్మ్ 64 బిట్ల వర్ట్ మిషిన్‌ల రామ్ సరిగ్గ మీ బోర్డు లెక్కనే 4000 0000 కాడ మొదలయితది, నీ అదృష్టం. 2 జీబీ, 3 జీబీ, 4 జీబీ, 6 జీబీ నాలుగిటితోని నడుపు. 3 జీబీ తప్పకుంట చెయ్యి, గీత మీద సరిగ్గ పడేది అదే, మీరు ఆ బోర్డు అమ్మకపోయినా సరే. ఈఎంఎంసీ, క్యాష్ తప్పులు క్యూఈఎంయూల కనపడవు, వాటికి నిజం బోర్డే కావాలె, అక్కడ ఇమేజ్‌ను కావాలని గీతకు అటు ఇటు పడేటట్టు ఎఫ్ఎఫ్ఎఫ్0 0000 కాడ లోడ్ చేసి చెక్‌సమ్ చూడు. రామ్ మొత్తం మీద ప్రతి 1 ఎంబీకి ఆ అడ్రస్‌నే అందుల రాసి, అన్ని రాసినంక తిరిగి చదివే చిన్న టెస్ట్ కూడ రాయి, రెండు అడ్రస్‌లు ఒకే చోట పడుతుంటె అప్పుడే బయటపడతది. యూ-బూట్ నడుస్తున్న జాగను మాత్రం వదిలి రాయి.

ప్యాచ్‌లు విడగొట్టు. టైప్‌లు మార్చేది ఒకటి, అందుల పని ఏం మారొద్దు. ప్రింట్లు ఒకటి. ఎండ్ అడ్రస్ లెక్కలు, క్యాష్ ఒకటి. హ్యాండాఫ్ స్ట్రక్చర్ (మొదటి స్టేజ్ రెండో స్టేజ్‌కు ఇచ్చేది) ఒకటి, అది వేరేగనే ఉండాలె. రామ్ టాప్ ఆఖర్ల. ప్రతి దాని తర్వాత 2 జీబీ బోర్డు లేపి చూడు, పాత మొదటి స్టేజ్‌తోని, ఎందుకంటె మిల్లులల్ల ఉన్నది అదే.

మిర్యాలగూడల నాకు తెలిసిన మిల్లాయన దగ్గర మీ పాత మిషిన్ ఒకటి ఉన్నది, సీజన్ మొదలుకాక ముందే వారం రోజులు దాని మీద కొత్త రెండో స్టేజ్ వేసి నడుపుకోనీకె ఒప్పుకున్నడు, పాత ఇమేజ్ ఎస్‌డీ కార్డుల పెట్టుకొని రా, ఏమన్న అయితె అక్కడనే తిరిగి వేద్దాం. వచ్చే ముందు ప్యాచ్‌లు పంపు, హ్యాండాఫ్ స్ట్రక్చర్‌ది ముందు పంపు, ఒక్కొక్క ఆఫ్‌సెట్ నేను కూడ లెక్కపెట్టి చూస్త.

మీ పెద్దనాయిన,
నల్లగొండ